మూలం చూసి కొంటే సరిపోతుందా? ఫ్యాక్టరీ తరహా పశుపోషణపై చర్చ

నీలిగన్నేరు:
మాంసాహారం ఒప్పా తప్పా అన్న పాత తగవును మళ్లీ తవ్వడం నా ఉద్దేశం కాదు. అంతకన్నా ఇరుకైన ప్రశ్న ఒకటి అడుగుతున్నాను. జంతువును అనవసరంగా బాధపెట్టకూడదన్న మాటను తినేవారూ తిననివారూ దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అయినా ఏటా ఆహారం కోసం ప్రపంచమంతటా చంపే నేలమీది జంతువుల సంఖ్య 8,000 కోట్లు దాటింది. అందులో 7,000 కోట్లకు పైగా కోళ్లే, వాటిలో ఎక్కువ భాగం పెరిగేది కిక్కిరిసిన షెడ్లలోనే. ఒప్పుకున్న మాటకూ కొంటున్న సరుకుకూ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు, "మంచి చోటు నుంచి వచ్చినదే కొంటాను" అనే నిర్ణయం నైతికంగా ఎంతవరకు నిలుస్తుంది? అది నిజంగా ఏదైనా మారుస్తుందా, లేక మనస్సాక్షిని జోకొట్టడానికి మాత్రమే పనికొస్తుందా? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

గడ్డిపరక:
వృత్తిరీత్యా పశువైద్యంలో ఉన్నాను కనుక ఒక విషయం ముందే చెప్పాలి. మూలం అనగానే అందరూ స్థలం గురించే ఆలోచిస్తారు, అంటే పంజరమా, షెడ్డా, ఆరుబయలా అని. మాంసపు కోడి విషయంలో అంతకన్నా ముందు అడగవలసింది అది ఏ రకం కోడి అన్నది. కెనడాలో 1957, 1978, 2005 నాటి మూడు రకాల కోళ్లను ఒకే దాణాతో, ఒకే పద్ధతిలో పెంచి చూశారు. 56 రోజుల వయసుకు మొదటి రకం సుమారు 900 గ్రాములు, రెండోది 1,800 గ్రాములు, మూడోది 4,200 గ్రాములు తూగాయి. దాణా ఒకటే అయినప్పుడు ఈ తేడా హార్మోన్ల వల్ల వచ్చిందని అనడానికి వీలు లేదు. ఎంపిక చేసి చేసి జాతినే అలా మలిచారు. ఆ బరువును మోయడానికి కాళ్లూ గుండే అదే వేగంతో ఎదగవు. అందుకే చివరి వారంలో షెడ్డులోకి వెళ్తే కోళ్లు నిలబడడం కన్నా కూర్చోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

అలా గంటల తరబడి తడిసిన లిట్టర్ మీద, అంటే షెడ్డు నేల మీద పరిచే ఊకలాంటి పొర మీద, కూర్చున్న కోడికి, రెట్టలోంచి పుట్టే అమ్మోనియా వల్ల కాలి మడమ కీలు దగ్గర చర్మం కాలి గోధుమరంగు మచ్చ పడుతుంది. తోలుతో అమ్మే కోడి కాలును తిప్పి చూస్తే ఆ మచ్చ చాలాసార్లు కనిపిస్తుంది. రొమ్ము మాంసం మీద పోగుల వెంట తెల్లని చారలు కనిపిస్తే అది కూడా వేగంగా పెరిగిన కండరం చెప్పే సంగతే. లేబుల్ మీద ఏమి రాసినా ఈ రెండు గుర్తులనూ దాచడం కష్టం. ఇదే జాతి కోడిని పచ్చికలో వదిలినా అది పెద్దగా నడవదు. ఆరుబయలు అన్న మాట ఒక్కదాన్నే నమ్ముకుని కొనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

షెడ్డుమనిషి:
నేను ఒక కంపెనీకి ఒప్పందం మీద కోళ్లు పెంచుతాను. "ఫ్యాక్టరీ" అన్న మాట వినగానే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు గానీ, ఆ మాట వాడేవారు ఫ్యాక్టరీ యజమాని ఎవరో కూడా చెప్పాలి. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి, కోళ్లను అమ్మకానికి ఎప్పుడు ఎత్తాలో నిర్ణయించేది కంపెనీయే. షెడ్డు, కరెంటు, కూలి, అప్పు మాత్రం నావి. పిల్ల ఏ జాతిదో నేను ఎంచుకోను, చదరపు మీటరుకు ఎన్ని వేయాలో నేను తేల్చను. నాకు వచ్చే ప్రతిఫలం ఎఫ్‌సీఆర్ మీద, అంటే కిలో బరువుకు ఎంత దాణా తిన్నదన్న లెక్క మీద ఆధారపడుతుంది. కోడి ఎంత తక్కువ కదిలితే ఆ లెక్క అంత బాగుంటుంది. కోడి నడవడం నాకు నష్టమయ్యేలా ఒప్పందం రాసిపెట్టి, కోడి ఎందుకు నడవడం లేదని నన్ను అడగడంలో అర్థం లేదు.

బ్యాచ్ చివర్లో తెల్లవారుజామున షెడ్డు తలుపు తీస్తే కళ్లు మండుతాయి. చచ్చిన కోళ్లను ఏరుకుంటూ ఒక కొస నుంచి మరో కొసకు నడవడం ప్రతి పొద్దున చేసే మొదటి పని, లేచి నిలబడలేని కోడిని అక్కడికక్కడే తీసేయడం రెండో పని. ఈ పని నచ్చి చేసేవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. మమ్మల్ని క్రూరులని రాసేవారికీ, మేము దేశానికి తిండి పెడుతున్నామని పొగిడే కంపెనీవారికీ ఇద్దరికీ ఈ నడక తెలియదు.

ఎదురుప్రశ్న:
గడ్డిపరక గారు, షెడ్డుమనిషి గారు చెప్పిన వాస్తవాలను నేను కాదనడం లేదు. అయితే ఈ చర్చలో ఇంకా ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటి ఉంది. ఈ పద్ధతి రాకముందు కోడిమాంసమూ గుడ్డూ చాలామందికి అందని వస్తువులు. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు చవకగా అందించిన మార్గాల్లో ఇది ఒకటి. ఇవాళ దాన్ని తీసేసి పచ్చికలో పెరిగిన కోడిని మాత్రమే తినమంటే, ఉన్నవారు తింటారు, లేనివారు మానుకుంటారు. పైగా అన్ని కోళ్లనూ ఆరుబయట పెంచడానికి కావలసిన నేల ఎక్కడి నుంచి తెస్తారు? అడవి కొట్టి తెస్తారా? కొన్ని రకాల దయ కడుపు నిండినవారికే కుదురుతుంది.

లెక్కలపద్దు:
ఎదురుప్రశ్న గారి నేల ప్రశ్న సరైనదే, కానీ జవాబు ఆయన అనుకున్న వైపు పూర్తిగా వెళ్లదు. 38,000కు పైగా పొలాల సమాచారం పోగుచేసి 2018లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం మాంసం, పాలు, గుడ్లు, పెంపకపు చేపలు కలిసి, పచ్చిక బయళ్లతో సహా ప్రపంచ వ్యవసాయ భూమిలో సుమారు 83 శాతాన్ని వాడుకుంటూ, మనకు అందే కేలరీల్లో 18 శాతం, మాంసకృత్తుల్లో 37 శాతం మాత్రమే ఇస్తున్నాయి. అంటే నేల చాలకపోవడానికి కారణం పచ్చిక మీద మమకారం కాదు, తింటున్న మొత్తం. షెడ్డు పద్ధతి కిలోకు తక్కువ నేల వాడుతుందన్నది నిజం; ఆ చవకదనమే మొత్తాన్ని పెంచిందన్నదీ అంతే నిజం.

మరో చిక్కు కూడా ఉంది, దాని మీద సాధారణంగా ఎవరూ మాట్లాడరు. వాతావరణం కోసం గొడ్డుమాంసం మాని కోడికి మారమని సలహా ఇస్తారు, భూమిని వేడెక్కించే వాయువుల లెక్కలో అది మంచి సలహాయే. కానీ ఒక పెద్ద పశువు నుంచి రెండు వందల కిలోలకు పైగా మాంసం వస్తే, ఒక కోడి నుంచి కిలోన్నర, రెండు కిలోలు వస్తుంది. అంత మాంసమే తింటూ పశువు నుంచి కోడికి మారితే, ఒక్క ప్రాణికి బదులు వందకు పైగా ప్రాణులు, అందులోనూ బహుశా అన్నిటికన్నా ఇరుకుగా బతికేవి, లెక్కలోకి వస్తాయి. వాతావరణమూ జంతు సంక్షేమమూ ఒకే దిక్కున నడుస్తాయని అనుకునేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ రెండూ కలిసేది తక్కువ తిన్నప్పుడే.

"దగ్గరలో పండింది" అన్నదాని గురించి ఒక్క వాక్యం చాలు: అదే పరిశోధనలో ఆహారపు మొత్తం వాయువుల్లో రవాణా వాటా 6 శాతం దగ్గర తేలింది, కాబట్టి ఎంత దూరం నుంచి వచ్చిందన్నది ఏమిటన్నదాని కన్నా, ఎలా పెరిగిందన్నదాని కన్నా చాలా చిన్న ప్రశ్న.

నీలిగన్నేరు:
కడుపు నిండినవారి దయ అన్న మాటకు జవాబు ఇస్తాను. జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అని జెరెమీ బెంథామ్ 1789లోనే రాశాడు. అది తత్వవేత్త మాటే కదా అనుకుంటే, 1964లో బ్రిటన్‌లో రూత్ హారిసన్ ఈ షెడ్ల మీద పుస్తకం రాసి దుమారం లేపాక ప్రభుత్వమే బ్రాంబెల్ కమిటీని వేసింది. 1965లో ఆ కమిటీ అడిగిన కనీసాలు ఇవి: జంతువు ఇబ్బంది లేకుండా నిలబడగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, ఒళ్లు శుభ్రం చేసుకోగలగాలి, కాళ్లూ రెక్కలూ చాపుకోగలగాలి. ఇవి విలాసాలు కావు. సుమారు అరవై సెంటీమీటర్ల వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఉన్న ఇనుప చట్రంలో, 114 రోజులో అటూ ఇటూగా సాగే చూలు కాలాన్ని గడిపే ఆడ పంది ఇప్పటికీ చాలా చోట్ల వెనక్కి తిరగలేదు. పేదవాడికి చవకగా తిండి అందాలన్న కోరికకూ, ఒక ప్రాణి తన ఒంటి చుట్టూ తాను తిరగలేకపోవడానికీ విడదీయలేని సంబంధం ఉందని నేను నమ్మను.

అహింసబాట:
మీరందరూ పంజరం ఎన్ని అంగుళాలు పెంచాలో చర్చిస్తున్నారు. గుడ్లు పెట్టే పెట్ట ఏ పద్ధతిలో పెరిగినా దానితోపాటు పుట్టిన పుంజు పిల్ల గతి ఏమిటో ఎవరూ అడగలేదు. లేయర్ జాతి, అంటే గుడ్ల కోసమే పెంచే జాతి, పుంజు గుడ్లు పెట్టదు, మాంసానికి లాభసాటిగా పెరగదు, కాబట్టి పుట్టిన రోజే చంపేస్తారు. ప్రపంచంలో ఏటా ఇలా పోయే పిల్లలు 700 కోట్ల దాకా ఉంటాయని అంచనా. పచ్చికలో తిరిగే పెట్ట గుడ్డుకూ, పంజరంలో పెట్ట గుడ్డుకూ ఈ విషయంలో సాధారణంగా తేడా లేదు. పాలకూ అంతే: పుట్టిన దూడను ఒక రోజు తిరగకుండానే తల్లి నుంచి వేరుచేయడం పెద్ద డెయిరీల్లో మామూలు పద్ధతి. మూలం ఎంచుకోవడం అనేది ఇలాంటివి కనపడకుండా కళ్లకు కట్టుకునే గంత. మానడం ఒక్కటే నిజాయితీ గల దారి.

మౌనసాక్షి:
నేను మానలేదు, ఇప్పట్లో మానే ఉద్దేశమూ లేదు. అయితే లేబుల్ చదివి కొనాలని ఉంది. ఏ మాటకు విలువ ఉంది, ఏ మాటకు లేదు? దయచేసి ఎవరైనా చెప్పండి.

గడ్డిపరక:
మౌనసాక్షి గారూ, ముందు పనికిరాని మాటలు చెబుతాను. "సహజమైన", "ఫార్మ్ ఫ్రెష్", పచ్చిక మీద కోడి నిలబడ్డ బొమ్మ, ఇవేవీ కోడి ఎలా బతికిందో చెప్పవు. "హార్మోన్లు లేవు" అన్న మాట కూడా, కోళ్లకు హార్మోన్లు వాడని చోట, నీళ్ల సీసా మీద "కొవ్వు లేదు" అని రాసినట్లే ఉంటుంది.

పనికొచ్చే గుర్తు ఎలా ఉండాలో చూడాలంటే ఐరోపా సంఘం గుడ్లను చూడండి. 2004 నుంచి అక్కడ గుడ్డు పెంకు మీదే ఒక సంకేతం ముద్రిస్తారు. దాని మొదటి అంకె 0 అయితే సేంద్రియం, 1 అయితే ఆరుబయలు, 2 అయితే షెడ్డులో నేల మీద, 3 అయితే పంజరం. బొమ్మలు, విశేషణాలు లేకుండా ఒక్క అంకెతో పని అయిపోయింది. గుడ్ల కోళ్లను వరుసలుగా ఇరికించే పాత తరహా బ్యాటరీ పంజరంలో ఒక్కో కోడికి దక్కింది 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక ఏ4 కాగితం కన్నా తక్కువ. దాన్ని 1999లో చేసిన చట్టంతో 2012 జనవరి 1 నుంచి నిషేధించారు. దాని స్థానంలో అనుమతించిన పంజరంలో 750 చదరపు సెంటీమీటర్లు, గూడు, కూర్చునే కర్ర ఉండాలి.

అయితే పంజరం లేదు అనగానే స్వర్గం అనుకోకండి. అదే చట్టం ప్రకారం నేల మీద పెంచే షెడ్డులో చదరపు మీటరుకు 9 పెట్టల దాకా ఉండవచ్చు. సరిగా నిర్వహించని చోట అవి ఒకదాని ఈకలు ఒకటి పీకి, పుండు పడేదాకా పొడుస్తాయి. అందుకే చిన్నప్పుడే ముక్కు కొస తీసేస్తారు. ఆరుబయట తిరిగే కోళ్లకు అడవి పక్షుల నుంచి బర్డ్ ఫ్లూ సోకే అవకాశం ఎక్కువ. ఇన్ని ఉన్నా నేను నేల మీది పెంపకం వైపే ఉంటాను, ఎందుకంటే మట్టిలో పొర్లాడడం కోడికి అంత బలమైన అవసరం. తీగల నేల మీద నిలబడ్డ పెట్ట, కింద ఇసుమంత దుమ్ము కూడా లేకపోయినా, రెక్కలు విదిలిస్తూ, ఒక పక్కకు ఒరిగి, లేని మట్టిని ఒంటి మీద చల్లుకుంటున్నట్లు ఆడించడం నేను చూశాను. నిర్వహణ చెడ్డదైతే మార్చుకోవచ్చు, తీగల నేలను మంచి నిర్వహణతో మట్టిగా మార్చలేము.

అహింసబాట గారు చెప్పిన పుంజు పిల్లల సంగతి అక్షరాలా నిజం. కాకపోతే అక్కడా కదలిక ఉంది. పొదిగే 21 రోజుల్లో సగానికి అటూ ఇటూగా గుడ్డులోనే ఆడా మగా తేల్చే యంత్రాలు వచ్చాయి. జర్మనీ 2022 నుంచి పుంజు పిల్లల్ని చంపడాన్ని నిషేధించింది.

ఎదురుప్రశ్న:
నేను ఒక విషయంలో మాత్రం ఎవరి రుచికీ వదలకూడదని అంటాను, అది యాంటీబయాటిక్. కిక్కిరిసిన షెడ్డులో జబ్బు రాకుండానో, బరువు పెరగడానికో దాణాలో మందు కలిపితే దాని ఫలితం ఆ మాంసం తిన్నవాడితో ఆగదు. స్వీడన్ 1986లోనే బరువు పెరగడానికి మందు వాడడాన్ని ఆపింది, ఐరోపా సంఘం 2006లో ఆపింది. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఎదిరించే, ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి సులువుగా పాకే జన్యువును చైనాలో పందుల్లోనూ మాంసంలోనూ మనుషుల్లోనూ కనుగొన్నట్లు 2015లో వెల్లడైంది. ఇది కొనుగోలుదారు మనస్సాక్షితో తేలే వ్యవహారం కాదు, చట్టంతో తేలవలసిందే. మిగతాదానికి మాత్రం నా ప్రశ్న అలాగే ఉంది: ఖర్చు ఎవరు భరిస్తారు?

లెక్కలపద్దు:
ఖర్చు ప్రశ్నకు ఒక ఆసక్తికరమైన ఉదాహరణ కాలిఫోర్నియా. ఇరుకు పంజరాల నుంచి వచ్చే గుడ్లు, పంది మాంసం, చిన్న దూడ మాంసం తమ రాష్ట్రంలో అమ్మకూడదన్న ప్రతిపాదన 12ను 2018లో అక్కడి ఓటర్లు దాదాపు 63 శాతం మద్దతుతో ఆమోదించారు. పంది మాంసం ఉత్పత్తిదారులు కోర్టుకు వెళ్తే 2023లో అమెరికా సుప్రీం కోర్టు 5–4 తేడాతో ఆ చట్టాన్ని నిలబెట్టింది. నాకు ఆసక్తి కలిగించింది తీర్పు కాదు. అంతకుముందు అదే ఓటర్లు అంగడిలో చవక గుడ్లే ఎక్కువగా కొనేవారు. దీన్ని కపటం అనడం తేలిక. నేను అలా అనను. నేనొక్కణ్ని ఎక్కువ చెల్లిస్తే ఒక్క పంజరం కూడా తెరుచుకోదని కొనేవాడికి తెలుసు, అందరూ కలిసి చెల్లిస్తే తెరుచుకుంటుందని ఓటు వేసేవాడికి తెలుసు. ఇద్దరూ ఒకే మనిషి, రెండు చోట్లా సరిగానే ఆలోచించాడు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: మూలం ఎంచుకోవడం సరిపోతుంది, కానీ ఎంచుకునేది అల్మారా ముందు నిలబడ్డ ఒంటరి మనిషి అయితే సరిపోదు. ఆసుపత్రులు, హాస్టళ్లు, ఆఫీసు క్యాంటీన్లు, పెద్ద హోటళ్లు ఒక్కో సంతకంతో వేల భోజనాల మూలాన్ని నిర్ణయిస్తాయి. అక్కడ రాసే షరతు కంపెనీ దాకా వెళ్తుంది, కంపెనీ నుంచి షెడ్డుమనిషి గారి ఒప్పందంలోకి దిగుతుంది.

షెడ్డుమనిషి:
ఆ చివరి వాక్యం కోసమే ఇంతసేపు చదువుతున్నాను. కొనేవాడు ఒక్కడు వచ్చి నన్ను బతిమాలితే నేను ఏమీ చేయలేను. పెద్ద కొనుగోలుదారు అడిగాడని కంపెనీ మందుల జాబితా మార్చినప్పుడు ఒక్క బ్యాచ్ తిరిగేలోగానే మార్పు వచ్చింది. అయితే ఒకటి చూసుకోండి: షరతు రాసేవారు తక్కువ కోళ్లు వేయమని రాసి, నా ప్రతిఫలం పాత లెక్కనే కిలోకు ఉంచితే, కోడికి దొరికిన చోటు నా జేబులోంచి వచ్చినట్లు. చోటుకు లెక్క కట్టి ఇవ్వమని ఆ కాగితంలోనే రాయాలి.

అహింసబాట:
ఇంత చేసీ చివరికి కోడిని చంపుతారు. ఈ మాట చెప్పడం నా బాధ్యత, చెప్పాను. అయినా క్యాంటీన్ షరతులో మాంసం పరిమాణం తగ్గించే వాక్యం ఉంటే దాన్ని నేను వ్యతిరేకించను. చేపల మాట కూడా రాయండి. కోళ్లను కనీసం తలలు లెక్కపెడతారు, చేపలను టన్నుల్లోనే తూస్తారు. ఎన్ని ప్రాణాలో గణాంకాల్లో కూడా ఉండదు.

నీలిగన్నేరు:
మా కార్యాలయ క్యాంటీన్ సరఫరా ఒప్పందం మళ్లీ రాసే సంఘంలో నేను ఉన్నాను, ఈ ప్రశ్న అడగడానికి అదే కారణం. ఇప్పటివరకు నా చిత్తుప్రతిలో "పంజరం లేని, మానవీయంగా పెంచిన" అన్న మాటలే ఉన్నాయి. వాటిని తీసేసి మాంసపు వంటకాల సంఖ్య తగ్గించడం, ఆ చోట పప్పుధాన్యాల వంటకాలు పెట్టడం, పెంచేవారికి చోటును బట్టి చెల్లించడం, జబ్బు లేని కోడికి యాంటీబయాటిక్ ఇవ్వకపోవడం అనే నాలుగు షరతులు చేరుస్తున్నాను. చేపలు, రొయ్యలు మొదటి ఏడాది అసలు వద్దని రాస్తాను. చోటు గురించి ఏమి రాయాలో గడ్డిపరక గారు చెప్పగలరా?

గడ్డిపరక:
ఎన్ని కోళ్లు అని రాయకండి. పిల్లలప్పుడు లెక్కపెట్టి చూపిస్తారు. చదరపు మీటరుకు ఎన్ని కిలోలు అని, అదీ బ్యాచ్‌లో ఏ దశలోనూ దాటకూడదని రాయండి. ఐరోపా చట్టం మామూలుగా 33 కిలోలు, అదనపు షరతులు తీరిస్తే 42 కిలోల దాకా అనుమతిస్తుంది. అక్కడి జంతు సంక్షేమ సంస్థలు కలిసి కంపెనీల ముందు పెట్టిన ప్రమాణం 30 కిలోలు. మీరు 30 రాయండి. దాని పక్కనే నెమ్మదిగా పెరిగే జాతి అని రాసి, రోజుకు సగటున ఎన్ని గ్రాములకు మించి పెరగకూడదో ఒక అంకె కూడా పెట్టాలి. అంకె లేకపోతే ఆ మాటకు ఎవరి అర్థం వారు చెప్పుకుంటారు. ఇంకొకటి, సరుకు దిగినప్పుడు కొన్ని కోళ్ల మడమలు చూసి మచ్చలు ఎన్నింటికి ఉన్నాయో రాసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంటుందని చేర్చండి. లిట్టర్ పొడిగా ఉందో లేదో ఎవరి ధ్రువపత్రమూ అక్కరలేకుండా మీకే తెలుస్తుంది.

షెడ్డుమనిషి:
ఆ మచ్చల లెక్క ఒక కాపీ పెంచిన రైతుకు కూడా పంపాలని రాయండి. ఇప్పుడు మాకు తిరిగి వచ్చేది బరువు లెక్క ఒక్కటే.

నీలిగన్నేరు:
రెండూ చేర్చాను. చిత్తుప్రతి సంఘం ముందుకు వెళ్లాక, సరఫరాదారులు ఏ షరతును మొదట కొట్టేయమంటారో ఇక్కడే రాస్తాను.

ఎదురుప్రశ్న:
చోటుకు చెల్లించే షరతునే మొదట కొట్టేయమంటారు. దాన్ని వదలకండి.